తామరరెక్క ఎందుకు చీలిందంటే

ప్రొద్దుటూరులో మా దేవుడి గది ద్వారబంధానికి పైపట్టీ మీద తామరపువ్వు చెక్కుదామని కూర్చున్నా. టేకు చెక్క. చేతిలో చదును ఉలి ఒక్కటే. రెక్క లోపల గుంత తీయబోతే ఉలి మూలలు గీట్లు పెట్టాయి, రెండో రెక్క అంచు పెళ్లున లేచిపోయింది. రెండు రోజుల పని!

మా వీధి ఆచారి మామ వేలితో తడిమి చూసి, "బెజ్జాలు కొట్టే ఉలితో గుంత యాడ తీస్తావబ్బీ?" అన్నాడు.

గుంతకు కావాల్సింది మూతి గోరులా వంపు తిరిగిన ఉలి. అంగట్లో వీటి వంపుకు నంబర్లుంటాయి: 3 దాదాపు చదును, 9 అర్ధవృత్తం. వెడల్పు మిల్లీమీటర్లలో వేరే. నంబరూ వెడల్పూ ఒకటే అనుకుని నేను ఒకసారి డబ్బులు పోగొట్టుకున్నా. రెక్కలకు 5, 8 తెచ్చుకున్నా. రెక్క మీది నరాల్లాంటి గీతలకు మాత్రం వి ఆకారపు ఉలి.

ముందు గీత వెంబడి ఉలిని నిలువుగా దించి కోత పెట్టా. లోపలి పెచ్చు అక్కడికొచ్చి ఆగింది. రెక్క సగంలో చెక్క పోగు వాటం మారుతుంది, అక్కడ ఆపి అవతలి వైపు నుంచి వచ్చా. వంపు ఉలిని సానరాయి మీద మణికట్టు తిప్పుతూ నూరాలి, లేకుంటే మధ్యలోనే అరుగుతుంది.

విరిగిన ముక్కను జిగురుతో అతికించా. దగ్గరికెళ్లి చూస్తే సన్నని గీత కనిపిస్తుంది. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.