క్రైమ్ సీరియల్ రాద్దాం – ఆరో పాఠం: ‘కాబట్టి చంపేశాడు’ దగ్గర ఆగిపోయాం

అయిదో పాఠంలో ఇచ్చిన సూత్రం మూడు ముక్కలది: హంతకుడికి ఒక కోరిక, దానికో అడ్డు, ఆ అడ్డు తొలగించుకునే అవకాశం. మూడూ బాగానే రాశారు. కానీ ఆ తర్వాతి వాక్యం దాదాపు అందరిదీ ఒకటే. ఆస్తి కావాలి, అన్న అడ్డొచ్చాడు, కాబట్టి చంపేశాడు. దొంగ లెక్కలు బయటపడ్డాయి, కాబట్టి చంపేశాడు. తప్పు మీది కాదు, సూత్రంలోనే ఒక మెట్టు తక్కువైంది. ఈసారి దర్యాప్తు అధికారి పాత్ర గురించి చెప్పుకోవాలి. అది వచ్చే పాఠానికి వాయిదా. ముందు ఈ ‘కాబట్టి’ని విప్పాలి.

అన్నదమ్ముల ఆస్తి తగాదాలు కోకొల్లలు. వాళ్లు కోర్టుకెళ్తారు, మధ్యవర్తుల్ని కూర్చోబెడతారు, మాటలు మానేస్తారు, ఏళ్ల తరబడి లోపల్లోపల ఉడికిపోతారు. చంపేవాళ్లు ఎక్కడో ఒకరు. మీరు రాసిందల్లా కోపానికి కారణం. హత్యకు కారణం కావాలంటే మరో రెండు ప్రశ్నలకు జవాబుండాలి: మిగతా దారులన్నీ ఏమయ్యాయి? ఇన్నాళ్లూ ఊరుకున్నవాడు ఈ గురువారమే ఎందుకు చేశాడు? చాలా దేశాల చట్టాల్లో నిందితుడు కావాలనే చంపాడని తేలితే చాలు, ఎందుకు చంపాడో రుజువు చేసి తీరాలన్న నియమం లేదు. కారణం తెలిస్తే కేసుకు బలం, అంతే. టీవీ ముందు కూర్చున్న జడ్జి మాత్రం అంత తేలిగ్గా వదలడు.

ఒక కథ పట్టుకుందాం. సుధాకర్ మందులు పంపిణీ చేసే కంపెనీలో అకౌంటెంట్. రెండేళ్లుగా బిల్లులు మార్చి సొమ్ము తీస్తున్నాడు. యజమాని మోహన్ కనిపెట్టాడు. ఇప్పుడు సుధాకర్ ముందున్న తలుపులు లెక్కపెట్టండి. డబ్బు తిరిగి కట్టొచ్చు. బతిమాలుకోవచ్చు. నేరం ఇంకొకరి మీదికి నెట్టొచ్చు. పారిపోవచ్చు. ఒప్పేసుకుని శిక్ష అనుభవించొచ్చు. ఈ అయిదూ మూసుకుపోయాకే ఆరోది హత్య.

కట్టేద్దామంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. ఇల్లు భార్య పేరున ఉంది. సంతకం అడిగితే ఎందుకంటుంది. ఇక్కడ కాసేపు ఆగండి. తాకట్టుకు ఇల్లుంది, అప్పు పుడుతుంది. అయినా తలుపు మూసుకుంది, భార్యకు చెప్పలేక. పాత్ర ఎవరో ఇక్కడే తెలిసింది: ఆమె కళ్లలో తన విలువ తగ్గడం కన్నా ఏదైనా నయం అనుకునే మనిషి. ఈ ఒక్క తాళం దొరికితే మిగతా తలుపులకూ అదే సరిపోతుంది. మోహన్‌ను బతిమాలితే అతను కనికరిస్తాడు: ‘కేసు పెట్టను. మీ ఆవిడ ముందు ఒప్పుకో, చాలు.’ మంచితనంతో అన్న మాట, సుధాకర్‌కు అన్నిటికన్నా గట్టి తాళం అదే. పారిపోయినా, ఒప్పుకున్నా ఆమెకు తెలిసిపోతుంది. ఇక నేరం నెట్టడం: క్లర్కు పేరు ఇరికించబోతే, ఆ బిల్లుల నెలలో ఆమె ప్రసూతి సెలవులో ఉంది. తేదీలు కుదరవు.

గురువారమే ఎందుకంటే శుక్రవారం రాత్రి మోహన్ వాళ్లింటికి భోజనానికి వస్తున్నాడు. పిలిచింది సుధాకర్ భార్యే, ఏమీ తెలియక. గడువు పెట్టే పని వీలైనంతవరకూ అమాయకుల చేత చేయించండి. ఆడిట్ తేదీ, బ్యాంకు నోటీసు లాంటివీ పనిచేస్తాయి గానీ, వాటిలో మనిషి ఉండడు.

తలుపులన్నీ బయటి పరిస్థితులే మూసేస్తే మీ హంతకుడు పాపం అనిపించుకుంటాడు. అన్నీ అతని బుర్రే మూసేస్తే పిచ్చివాడవుతాడు. సగానికి పైగా స్వభావం మూయాలి, కనీసం ఒక్కటి లోకం మూయాలి. ఇది శాస్త్రం కాదు, నా ఇష్టం.

ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? స్క్రిప్టులో పేజీకి నిమిషం లెక్కన 45 నిమిషాల ఎపిసోడ్‌కు 45 పేజీలు. ఒక్కో తలుపుకి పేజీన్నర మించొద్దు. హంతకుడెవరో దాచే కథైతే ఆ సీను పైకి ఇంకేదో పని చేస్తుండాలి. తాకట్టు మాట రెండో ఎపిసోడ్‌లో మొగుడూపెళ్లాల చిన్న గొడవలా దొర్లిపోవాలి. క్లర్కు సెలవు సంగతి మూడో ఎపిసోడ్‌లో ఆఫీసు కబుర్లలో కలిసిపోవాలి. భోజనం సంగతి మొదటి ఎపిసోడ్‌లోనే సుధాకర్ భార్య పోలీసుతో ఏడుస్తూ చెబుతుంది: ‘రేపు మా ఇంటికి వస్తానన్నారండీ.’ ప్రేక్షకుడికి అది దుఃఖంలా వినిపిస్తుంది. కేసులో అతి ముఖ్యమైన సాక్ష్యం అదే. ఇలా ముందే చల్లకుండా ఏడో ఎపిసోడ్‌లో ఫ్లాష్‌బ్యాక్ తెరిచి, అప్పటిదాకా వినని పాత అన్యాయమొకటి కుమ్మరిస్తే, మొదటి ఆరు ఎపిసోడ్లూ చూసినవాడిని మోసం చేసినట్టే.

ఇక నన్ను నిజంగా విసిగించిన విషయం. సాక్షి పోలీసుకు ఫోన్ చేస్తాడు: ‘హంతకుడెవరో తెలిసింది సార్, ఫోన్‌లో చెప్పలేను, గోడౌన్ వెనక గేటు దగ్గరికి రాత్రి పదింటికి ఒంటరిగా రండి.’ పోలీసు వెళ్లేసరికి శవం. వచ్చిన అభ్యాసాల్లో ఈ సీను మళ్లీ మళ్లీ ఉంది.

లెక్క చూడండి. గోడౌన్ నుంచి రండి దాకా ఎనిమిది మాటలు. హంతకుడి పేరు ఒక్క మాట. చెప్పలేనన్న ముక్క పలికే వ్యవధిలో చెప్పేయొచ్చు. పైగా ప్రాణభయం ఉన్నవాడు జనం ఉన్నచోటికి పోతాడు, లైట్లు లేని గోడౌన్ వెనక్కి కాదు. ఈ పిలుపు సంగతి హంతకుడికెలా తెలిసింది? పోలీసు ఆ పది దాకా ఏం చేస్తున్నాడు, దగ్గర్లోని కానిస్టేబుల్‌నైనా ఎందుకు పంపలేదు? ఒక్క సీను నిలబెట్టడానికి ముగ్గురు తెలివితక్కువ పని చేయాల్సి వస్తోంది.

మీరు వేసే అతుకులు కూడా తెలుసు. బ్యాటరీ అయిపోయింది, సిగ్నల్ లేదు, ఎవరో వింటున్నారు. బ్యాటరీ అయిపోయినవాడు ఫోన్ ఎలా చేశాడు? ఎవరో వింటుంటే రాసి పంపొచ్చు. అసలు వింటున్నారన్న అనుమానం ముందు ఎపిసోడ్‌లో లేకపోతే అది అప్పటికప్పుడు పుట్టిన సాకే.

సీను తీసేయక్కర్లేదు, సాక్షికి తగిన కారణమిస్తే చాలు. అన్నిటికన్నా మంచిది: తనకు తెలిసినదాని విలువ సాక్షికే తెలియకపోవడం. సెలవు నుంచి వచ్చిన క్లర్కు నేరుగా సుధాకర్‌నే అడుగుతుంది, ‘సార్, నేను లేని నెల బిల్లుల మీద నా సంతకం ఉందేంటి?’ ఆ క్షణం నుంచి ఆమె కోసం ప్రేక్షకుడు భయపడతాడు, ఆమె మాత్రం నవ్వుతూ టేబుల్ సర్దుకుంటుంది. రెండోది బేరం: సాక్షి డబ్బు గుంజాలనుకుంటాడు, అందుకే పోలీసుకు చెప్పడు. మూడోది, చెప్పాడు గానీ ఇంతకుముందు రెండుసార్లు అబద్ధమాడి ఉండటంతో పోలీసు నమ్మలేదు. మూడింట్లోనూ మూర్ఖుడు ఎవరూ లేరని గమనించండి.

యాదృచ్ఛికం గురించి తక్కువే చెబుతాను. బ్రిటిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. ప్రమాదవశాత్తూ జరిగినదేదీ డిటెక్టివ్‌కు సాయపడకూడదన్నది వాటిలో ఒకటి. అదృష్టం చిక్కులు తెస్తే తేవచ్చు, విప్పకూడదు.

సాంకేతిక వివరాల్లోనూ కొన్ని సవరించుకోవాలి. క్లోరోఫాం గుడ్డ ముక్కుకి పెట్టగానే మనిషి పడిపోడు, కొన్ని నిమిషాలు వరుసగా పీల్చాలి. శవం బిగుసుకోవడం సుమారు 2 నుంచి 4 గంటల్లో దవడ, మెడల దగ్గర మొదలై, ఒళ్లంతా పాకడానికి 12 గంటలు పడుతుంది. వేడికీ చలికీ ఇది మారిపోతుంది కాబట్టి డాక్టరు ‘9.40కి చనిపోయాడు’ అనడు, ఇన్ని గంటల మధ్య అంటాడు. వేలిముద్ర తాకాడని చెబుతుంది, ఎప్పుడు తాకాడో చెప్పదు. సెల్ టవర్ రికార్డు ఒక ప్రాంతాన్ని చూపిస్తుంది, గదిని కాదు. సీసీ కెమెరా రికార్డర్‌లో చోటు నిండగానే పాత దృశ్యం మీద కొత్తది పడుతుంది.

ఇవి తెలిసిన హంతకుడు ఫోను ఇంట్లో వదిలి వెళ్తాడు. సుధాకర్‌కూ తెలుసు, కానీ వదల్లేదు. వదిలితే భార్య చూస్తుంది, ఎక్కడికెళ్తున్నావంటుంది. వెంట తీసుకెళ్లి స్విచ్చాఫ్ చేశాడు, ఆమె ఫోన్ చేస్తే అబద్ధమాడలేక. రెండేళ్లలో ఏ రాత్రీ ఆగని ఫోను ఆ రాత్రే రెండు గంటలు ఆగింది. దర్యాప్తు అధికారికి దొరికే దారం అదే. హత్య చేయించిన స్వభావమే పట్టించాలి.

అభ్యాసం. పోయినసారి రాసిన కారణాన్ని పక్కన పడేయండి. హంతకుడి ముందున్న అయిదు తలుపులు ఐదు కార్డుల మీద రాసి, ఒక్కోదాన్ని పేజీన్నర లోపు సీనుగా రాయండి. ఫ్లాష్‌బ్యాక్ వద్దు. పగ, ప్రతీకారం అన్న మాటలు ఎక్కడా రాకూడదు. ఆ అయిదు సీన్లనూ ఎనిమిది ఎపిసోడ్ల వన్‌లైన్ ఆర్డర్‌లో (ఒక్కో సీనుకు ఒక్కో వాక్యం చొప్పున వరుసగా రాసుకునే పట్టికలో) సర్దండి. నాలుగో ఎపిసోడ్ ముగిసేలోపు కనీసం మూడు పడాలి. తర్వాత, ఇదే కష్టమైన భాగం, హతుడి వైపు నుంచి మళ్లీ మొదలుపెట్టండి: అతను ఏ రోజు ఏం చేసి ఉంటే బతికేవాడు, ఎందుకు చేయలేదు? ‘తోచలేదు’ అన్న జవాబు చెల్లదు.