'డౌన్‌ప్లే' ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆగాలి

ఇరవై రెండేళ్లు వార్డులో నర్సుగా చేశాను. ఇప్పుడు విశాఖ మద్దిలపాలెంలో ఓఈటీ, అంటే విదేశాల్లో పనిచేయాలనుకునే వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష, రాసే నర్సులకు పాఠాలు చెబుతున్నాను. 'డౌన్‌ప్లే' అనే క్రియ దగ్గర మా పిల్లలు తడబడతారు. డిక్షనరీలో 'ప్రాముఖ్యం తగ్గించడం' అని చూసి అయిపోయిందనుకుంటారు. నేను మాత్రం చేపలు పట్టేవాళ్లుండే పెద జాలారిపేట నుంచి మా ఆసుపత్రికి వచ్చిన ఒక పెద్దాయనతో మొదలుపెడతాను.

రాత్రి రెండు గంటలకు ఆటోలో వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, ఎడమ చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు. "ఏం లేదమ్మా, కాస్త గ్యాస్ పట్టేసింది. ఒక మాత్ర ఇచ్చెయ్యండి, తెల్లారి వేటకెళ్లాలి" అన్నాడు. ఈసీజీ తీస్తే గుండెపోటు. నొప్పి లేదని ఆయన అనలేదు, ఉన్నదాన్ని చిన్నది చేసి చెప్పాడు. అదే డౌన్‌ప్లే. అసలు లేదనేస్తే 'డినై'. ఎంత ప్రమాదమో తెలియక తక్కువ అంచనా వేసుకుంటే 'అండరెస్టిమేట్'. "ఈ మాత్రానికే వచ్చావా" అని మనం ఆయన్ని చులకన చేస్తే 'బిలిటిల్'.

వాక్యంలో దీని వెనకే నామవాచకం రావాలి: 'హీ డౌన్‌ప్లేడ్ హిజ్ పెయిన్'. మనం 'నొప్పి గురించి' అంటాం కదా, అందుకని మావాళ్లు మధ్యలో 'అబౌట్' పెట్టేస్తారు. తీసేయండి. రిస్క్, సింప్టమ్స్, డ్యామేజ్, రోల్, ఇవన్నీ దీనితో చక్కగా కలుస్తాయి. 'ప్లే డౌన్' అన్నా అదే అర్థం, 'ఇట్' వస్తే మాత్రం మధ్యలోకి వెళ్తుంది: 'ప్లే ఇట్ డౌన్'. 'డౌన్‌ప్లే' పలికేటప్పుడు 'ప్లే'ని ఒత్తండి.

ప్రతిసారీ ఇది తప్పును చెప్పే మాట కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వార్డు ఆయమ్మ ఇంటి రేకులు ఎగిరిపోయాయి. అయినా మర్నాడే డ్యూటీకి నడిచొచ్చి మూడు రోజులు మాతోనే ఉండిపోయింది. ఇప్పుడడిగినా "నేనేం చేశాను సిస్టర్" అంటుంది. 'షీ డౌన్‌ప్లేస్ హర్ రోల్'. ఇక్కడున్నది వినయం.

కేస్ షీట్‌లో మాత్రం తొందరపడొద్దు. ఈ క్రియ వాడితే రోగి మనసులో ఏముందో మనమే తేల్చేసినట్టవుతుంది. ముందు ఆయన అన్నమాట ఉన్నదున్నట్టు రాయండి. పక్కనే మీరు చూసినవి రాయండి: చెమట, బీపీ, పదికి నొప్పి ఎంతో. ఓఈటీలో రోగి కేస్ నోట్స్ చూసి రాసే లెటర్‌కు చదవడానికి 5, రాయడానికి 40 నిమిషాలే ఇస్తారు, ఈ ఒక్క మాట కోసం టెన్షన్ పడకండి. కానీ ఇచ్చిన కేస్ నోట్స్‌లోనే 'టెండ్స్ టు డౌన్‌ప్లే హిజ్ సింప్టమ్స్' అని ఉంటే ఆ ముక్క వదలకండి. తర్వాత చూసే డాక్టరు ఆయన్ని రెండోసారి అడగాలి.