క్రూయిజర్ సైకిల్‌కు మిడ్‌డ్రైవ్ మోటారు అమర్చే విధానం

వెడల్పాటి సీటు, వెనక్కి వంగిన పొడవాటి హ్యాండిల్, లావుపాటి 26 అంగుళాల టైర్లు ఉన్న క్రూయిజర్ సైకిల్ చదునైన దారిలో ఎంత హాయిగా సాగుతుందో, ఎదురుగాలిలోనూ ఎత్తులోనూ అంతే మొండికేస్తుంది. దీనికి విద్యుత్ మోటారు అమర్చదలచినవారికి రెండు మార్గాలున్నాయి. హబ్ మోటారు చక్రంలోనే ఉండి దానిని నేరుగా తిప్పుతుంది. మిడ్‌డ్రైవ్ మోటారు పెడళ్ల ఇరుసు ఉండే చోట కూర్చుని గొలుసును లాగుతుంది కనుక, మనం తొక్కేటప్పుడు వాడుకునే గేర్లనే అది కూడా వాడుకుంటుంది. ఎత్తు ఎక్కడంలో దాని బలమంతా ఇందులోనే ఉంది.

మోటారు బిగించడం ఒక పూట పని. క్రూయిజర్ విషయంలో అసలు పని అంతకు ముందే ఉంటుంది. బ్రేకు, వెనుక చక్రం, పెడళ్ల ఇరుసును పట్టి ఉంచే బాటమ్ బ్రాకెట్ అనే మూడింటి లెక్క తేల్చుకోకుండా కిట్టు కొనవద్దని నా సలహా.

మొదట బ్రేకు

చాలా క్రూయిజర్లకు కోస్టర్ బ్రేకు ఉంటుంది; పెడళ్లను వెనక్కి తొక్కితే వెనుక చక్రం ఆగుతుంది. హ్యాండిల్‌కు బ్రేకు లీవర్లు ఉండవు. ఆ శుభ్రమైన రూపం కోసమే ఈ సైకిళ్లను ఇష్టపడేవారున్నారు. అయితే బాఫాంగ్ అనే కంపెనీ బీబీఎస్ వరుసలోని మిడ్‌డ్రైవ్ మోటార్లలో పెడల్ ఇరుసుకూ చైన్‌రింగుకూ (గొలుసును లాగే ముందు పళ్ల చక్రానికీ) మధ్య ఒక క్లచ్చు ఉంటుంది. ముందుకు తొక్కినప్పుడు అది పట్టుకుంటుంది, వెనక్కి తొక్కినప్పుడు వదిలేస్తుంది. కాబట్టి మోటారు బిగించిన తరువాత పెడళ్లను వెనక్కి ఎంత తొక్కినా గొలుసు కదలదు, కోస్టర్ బ్రేకు పని చేయదు. పాత బ్రేకు అలాగే ఉందన్న భ్రమలో కొత్త వేగంతో దారిలోకి వెళ్లడం ప్రాణాంతకం. టాంగ్‌షెంగ్ అనే మరో కంపెనీ టీఎస్‌డీజెడ్2 మోటారులో కోస్టర్ బ్రేకుతో పనిచేసే రకం ఒకటి ప్రత్యేకంగా దొరుకుతుంది. అది తీసుకున్నా, ముందు చక్రానికి చేతి బ్రేకు ఒకటి తప్పనిసరి అని నేను భావిస్తాను. ఎందుకంటే గొలుసు తెగిన క్షణంలో కోస్టర్ బ్రేకు కూడా పోతుంది.

మిగతా కిట్లన్నింటికీ ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు చేతి బ్రేకులు అవసరం. ఫ్రేముకు, రిమ్మును రెండు పక్కల నుంచి నొక్కే వీ-బ్రేకు బిగించే కొమ్ములు ఉంటే పని సులువు. లేకపోతే డిస్క్ బ్రేకుకు అనువైన ముందు ఫోర్కు మార్చుకోవచ్చు, లేదా హబ్బులోనే ఇమిడిపోయే డ్రమ్ బ్రేకు ఉన్న చక్రం కట్టించుకోవచ్చు. డ్రమ్ బ్రేకుకు కావలసింది దాని చేతిని ఫ్రేముకు కట్టి ఉంచే పట్టీ ఒక్కటే కనుక, పాత రూపం చెడకూడదనుకునేవారికి అదే మేలు. మీ సైకిల్‌కు క్రోమియం పూత వేసిన స్టీలు రిమ్ములు ఉంటే, రిమ్మును పట్టే బ్రేకుల మీద ఆధారపడవద్దు. తడిసిన స్టీలు మీద రబ్బరు జారుతుంది.

వెనుక చక్రం, గేర్లు

ఒకే గేరు ఉన్న క్రూయిజర్‌కు మిడ్‌డ్రైవ్ బిగిస్తే, కొన్నదానిలో సగం వదులుకున్నట్లే. ముందు 46 పళ్లు, వెనుక 19 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం దాదాపు 2.4 చుట్లు తిరుగుతుంది. 26 × 2.125 టైరు చుట్టుకొలత సుమారు 2,070 మి.మీ. కనుక, నిమిషానికి 80 చుట్లు తొక్కితే వేగం గంటకు సుమారు 24 కిలోమీటర్లు. చదును మీద ఇది చక్కగా ఉంటుంది. ఎత్తు మీద వేగం పదికి పడిపోతే మోటారు కూడా అదే నిష్పత్తిలో నెమ్మదిస్తుంది. నెమ్మదిగా తిరిగే మోటారు తీసుకున్న విద్యుత్తులో ఎక్కువ భాగాన్ని వేడిగా మారుస్తుంది. ఈ మోటార్ల లోపల ఒక పళ్ల చక్రం నైలానుతో చేసినది. ఆ వేడికి అది మెత్తబడి, చివరికి పళ్లు అరిగిపోతాయి.

షిమానో నెక్సస్ మూడు గేర్ల హబ్బు నిష్పత్తులు 0.733, 1, 1.36. అవే పళ్లతో, అదే తొక్కుడుతో మొదటి గేరులో గంటకు 17.6, మూడో గేరులో 32.7 కిలోమీటర్ల వేగం వస్తుంది. సాధారణ ఎత్తుపల్లాలకు ఇది చాలు. ఇటువంటి హబ్బులు కోస్టర్ బ్రేకుతోనూ, అది లేకుండానూ దొరుకుతాయి; కోస్టర్ లేనిది ఎంచుకోవాలి. ఒకే గేరు క్రూయిజర్లలో వెనుక చక్రం ఇరుసు కూర్చునే చీలికల మధ్య దూరం తరచు 110 మి.మీ. ఉంటుంది, మూడు గేర్ల హబ్బుకు సుమారు 120 మి.మీ. కావాలి. స్టీలు ఫ్రేమును రెండు వైపులా సమానంగా ఆ మేరకు విడదీయవచ్చు. అల్యూమినియం ఫ్రేము మీద ఆ ప్రయత్నం చేయకూడదు, అది పగులుతుంది.

హబ్బులో ఇమిడిన గేర్లకు ఒక బలహీనత ఉంది. మోటారు పూర్తి బలంతో లాగుతున్న సమయంలో గేరు మారిస్తే లోపలి పళ్లు దెబ్బతింటాయి. గేరు కేబుల్ కదలగానే మోటారును క్షణకాలం ఆపే గేర్ సెన్సర్ అనే చిన్న పరికరాన్ని కిట్టుతో పాటే తీసుకోవడం మంచిది.

బాటమ్ బ్రాకెట్ కొలతలు

పెడళ్ల ఇరుసు దూరే గొట్టమే బాటమ్ బ్రాకెట్ షెల్. సాధారణ సైకిళ్లలో దాని లోపల 1.37 అంగుళాల థ్రెడ్ ఉంటుంది, వెడల్పు 68 లేదా 73 మి.మీ. మిడ్‌డ్రైవ్ కిట్లు దీనిని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. క్రూయిజర్లలో ఎక్కువ భాగానికి ఒకే స్టీలు కడ్డీని వంచి రెండు క్రాంకులుగా (పెడళ్లు తగిలించే చేతులుగా) చేసిన పాత అమరిక ఉంటుంది. దాని షెల్ లోపలి వ్యాసం 51.3 మి.మీ., అందులో థ్రెడ్ ఉండదు. మీ సైకిల్‌లో కుడి క్రాంకు, ఇరుసు, ఎడమ క్రాంకు అతుకు లేకుండా ఒకే ముక్కగా కనిపిస్తే ఇదే రకమని గుర్తించి, కిట్టుతో పాటు, ఈ పెద్ద షెల్‌లో మోటారు ఇమిడేలా చేసే అడాప్టర్ కూడా తెప్పించుకోవాలి.

మరో కొలత కుడివైపు చైన్‌స్టేది, అంటే షెల్ నుంచి వెనుక చక్రం ఇరుసు దాకా వెళ్లే ఫ్రేము గొట్టానిది. మోటారు గేర్ల పెట్టె షెల్‌కు కుడివైపున, షెల్ కంటే చాలా పెద్ద వ్యాసంతో ఉంటుంది. లావు టైరుకు చోటివ్వడానికి క్రూయిజర్ చైన్‌స్టేలు షెల్ దగ్గరే బయటికి వంగుతాయి, ఆ వంపు గేర్ల పెట్టెకు అడ్డుపడవచ్చు. తయారీదారు ఇచ్చే కొలతల పటాన్ని చూసి అట్టముక్కను అదే ఆకారంలో కత్తిరించి, షెల్ దగ్గర పెట్టి చూడండి. పది నిమిషాల పని, కాని కిట్టు వెనక్కి పంపే అవస్థ తప్పిస్తుంది.

పాత క్రాంకు విప్పడం

ఎడమవైపు నుంచి మొదలుపెట్టాలి. ఎడమ పెడల్ థ్రెడ్ తిరగబడి ఉంటుంది. గడియారపు ముల్లు తిరిగే దిక్కున తిప్పితేనే వదులవుతుంది. ఎడమవైపు నట్టు, దాని వెనుక ఉన్న కోను కూడా అంతే. నేను మొదటిసారి ఈ సంగతి మరచి, తుప్పు పట్టిందనుకుని పెద్ద పానాతో నట్టును ఇంకా బిగించుకున్నాను, దాని మూలలు అరిగిపోయాక గాని తప్పు తెలియలేదు. నట్టు, వాషరు, కోను, బాల్ బేరింగుల పంజరం వరుసగా వచ్చేశాక, క్రాంకును కుడివైపుకు వంచుతూ లాగితే మొత్తం బయటికి వస్తుంది. షెల్ లోపల మిగిలే రెండు కప్పులను ఎదుటి వైపు నుంచి ఇనుప కడ్డీ పెట్టి, చుట్టూ కొంచెం కొంచెంగా సుత్తితో తట్టి దింపాలి. తరువాత లోపలి గ్రీజు, తుప్పు శుభ్రంగా తుడవాలి.

అడాప్టర్ రెండు సగాలుగా వచ్చి, షెల్‌ను రెండు వైపుల నుంచి నొక్కి పట్టుకుంటుంది. ఇది ఏ మాత్రం తిరగకూడదు. మోటారు ఎంత గట్టిగా బిగించినా, అడాప్టర్ షెల్‌లో జారితే మోటారుతో సహా తిరుగుతుంది. షెల్ అంచుల మీద మందంగా పెయింటు ఉంటే గీకివేయడం మంచిది. అడాప్టర్ అంచుల వల్ల వెడల్పు కొన్ని మి.మీ. పెరుగుతుంది కనుక, బిగించిన తరువాత మళ్లీ కొలిచి, ఆ కొలత కిట్టు పరిధిలో ఉందో లేదో చూడాలి.

మోటారు అమరిక

మోటారు ఇరుసు గొట్టాన్ని కుడివైపు నుంచి షెల్‌లోకి దూర్చాలి. వైరు ఏదీ మధ్యలో నలగకుండా చూడాలి. ఎడమవైపున పళ్లున్న పలకను, పళ్లు షెల్ వైపుకు ఉండేలా పెట్టి, రెండు ఎం6 (6 మి.మీ.) బోల్టులు వదులుగా ఎక్కించి, దాని మీద మోటారును పట్టి ఉంచే పెద్ద నట్టు అయిన లాక్‌రింగ్ బిగించాలి. ఆ బిగింపు 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉండాలి. చేతి అంచనాకు ఇది అందదు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ వాడండి.

బలం ప్రయోగించినప్పుడు మోటారు గొలుసును ముందుకు లాగుతుంది, దానికి ప్రతిగా మోటారు శరీరం పైకి, హ్యాండిల్ కింది నుంచి షెల్‌కు దిగే డౌన్‌ట్యూబ్ అనే గొట్టం వైపుకు తిరగాలని చూస్తుంది. సాధారణ ఫ్రేములో దానిని ముందే డౌన్‌ట్యూబ్‌కు ఆనించి బిగిస్తే ఇక కదలదు. వంపు తిరిగిన క్రూయిజర్ గొట్టం దగ్గర తరచుగా ఖాళీ మిగులుతుంది. అక్కడ గట్టి రబ్బరు ముక్క పెట్టి లోహపు పట్టీతో కట్టాలి, లేకపోతే లాక్‌రింగ్ వారానికొకసారి వదులవుతుంది. మోటారు అడుగుభాగం నేలకు ఎంత ఎత్తులో ఉందో కూడా చూసుకోండి.

చైన్‌రింగ్, క్రాంకులు బిగించాక వెనుక నుంచి చూస్తే గొలుసు వెనుక పళ్ల చక్రంతో వీలైనంత తిన్నగా ఉండాలి. మిడ్‌డ్రైవ్ చైన్‌రింగును కాస్త బయటికి నెడుతుంది. లోపలికి గిన్నెలా వంగిన చైన్‌రింగ్ వేస్తే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. పాత గొలుసు గార్డు ఇక సరిపడదు. క్రూయిజర్ వెనుక భాగం పొడవు ఎక్కువ కనుక ఒక గొలుసు చాలకపోవచ్చు, రెండోదాని నుంచి కొన్ని లింకులు కలపాలి. క్రాంకు బోల్టులను 35 నుంచి 40 న్యూటన్ మీటర్లకు బిగించాలి.

బ్యాటరీ

36 వోల్టుల బ్యాటరీలో సెల్లులు పది వరుసగా ఉంటాయి, నిండుగా ఉన్నప్పుడు 42 వోల్టులు చూపుతుంది. 48 వోల్టులదానిలో పదమూడు, నిండితే 54.6. 52 వోల్టులదానిలో పద్నాలుగు, నిండితే 58.8. ఛార్జర్ సరిగ్గా ఆ సంఖ్యకు సరిపోయినదే వాడాలి. ప్లగ్గు ఇమిడింది కదా అని వేరే ఛార్జర్ పెట్టడం నిప్పుతో చెలగాటం. బీబీఎస్02 మోటారు 25 ఆంపియర్ల వరకు లాగుతుంది కనుక, బ్యాటరీ లోపలి రక్షణ వ్యవస్థ నిరంతరాయంగా అంతకు మించి, 30 ఆంపియర్లకు తగినదై ఉండాలి. 48 వోల్టులు, 13 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 624 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. నిటారుగా కూర్చుని గాలికి ఎదురు నిలిచే క్రూయిజర్ కిలోమీటరుకు 10 నుంచి 15 వాట్ అవర్లు తింటుందనుకుంటే, దూరం 40 నుంచి 60 కిలోమీటర్లు.

దానిని ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. క్యారియర్ మీద పెడితే సులువు, కాని మూడు నాలుగు కిలోల బరువు ఎత్తున వెనుక చేరి, నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు సైకిల్ ఊగుతుంది. ఫ్రేము మధ్య ఖాళీలో గట్టి సంచిలో ఇమడ్చగలిగితే తూకం బాగుంటుంది. గొట్టానికి రంధ్రాలు చేయవద్దు. రబ్బరు పొర వేసి పట్టీలతో బిగించండి.

వైర్లు, మొదటి ప్రయాణం

వైర్లు కలపడం కష్టం కాదు. కనెక్టర్ల మీద బాణపు గుర్తులు ఎదురెదురుగా ఉంచి నొక్కడమే. క్రూయిజర్ హ్యాండిల్ పొడవు వల్ల కిట్టుతో వచ్చిన వైర్లు చాలకపోవచ్చు, పొడిగింపు వైర్లు ముందే తెప్పించుకోండి. మోటారును ఆపే స్విచ్చు ఉన్న బ్రేకు లీవర్లే వాడాలి, ఎందుకంటే తొక్కడం మానిన తరువాత కూడా మోటారు క్షణకాలం లాగుతుంది. వేగం సెన్సర్‌ను ఎడమ చైన్‌స్టేకు, అయస్కాంతాన్ని స్పోకుకు, రెండింటి మధ్య దూరం 10 మి.మీ. మించకుండా అమర్చాలి. బ్యాటరీ కలిపే ముందు మల్టీమీటరుతో ధన, రుణ కొసలను సరిచూడండి. తారుమారైతే మోటారును నడిపే ఎలక్ట్రానిక్ భాగం, కంట్రోలర్, అక్కడికక్కడే కాలిపోతుంది.

డిస్‌ప్లేలో చక్రం కొలత 26 అంగుళాలుగా, వేగ పరిమితి మీరున్న చోటి చట్టానికి తగినట్లుగా పెట్టండి. యూరోపియన్ యూనియన్‌లో సైకిల్‌గా లెక్కకు వచ్చేది 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల వరకు తోడ్పాటు ఇచ్చేది మాత్రమే. చాలా కిట్లు ఆ హద్దు దాటగలవు.

మొదట వెనుక చక్రాన్ని నేల నుంచి ఎత్తి, తక్కువ తోడ్పాటుతో పెడళ్లను చేత్తో తిప్పి, బ్రేకు నొక్కగానే మోటారు ఆగుతుందో లేదో చూడాలి. ఆ తరువాతే ఖాళీ స్థలంలో సీటెక్కాలి. ఆగే ముందు గేరు తగ్గించుకునే అలవాటు చేసుకోండి, పెద్ద గేరులో బయలుదేరితే మోటారు మూలుగుతుంది, వినిపించేంతగా. యాభై కిలోమీటర్లు నడిచాక లాక్‌రింగ్, ఎం6 బోల్టులు, ఎడమ క్రాంకు బోల్టు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి; ఆ తొలి బిగింపు తరువాత లాక్‌రింగ్ మీదా పలక మీదా కలిపి ఒక గీత గీసి ఉంచితే, లాక్‌రింగ్ కదిలిందో లేదో ప్రతిసారీ విప్పకుండానే కంటితో తెలుస్తుంది.