జోర్డాన్ రూపాన్ని చేతితో కనుక్కోవడం

వికర్ణ రూపంలోకి తేలేని మాత్రికకు 1870లో ఫ్రెంచి గణితవేత్త కమీల్ జోర్డాన్ ప్రచురించిన కానానికల్ రూపమే (వికర్ణ రూపానికి వీలైనంత దగ్గరగా ఉండే ప్రామాణిక రూపం) ఆధారం. మొదటి అడ్డువరుస 3, 1; రెండవది −1, 1 గల మాత్రికను తీసుకోండి. దీని జాడ (వికర్ణ మూలకాల మొత్తం), నిర్ధారకం (3×1 − 1×(−1)) రెండూ 4; లాక్షణిక మూలాల (eigenvalues) మొత్తం, లబ్ధం ఇవే కాబట్టి లాక్షణిక మూలం 2 రెండుసార్లు వస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడి వికర్ణంపై 2, 2 వేసి ఊరుకుంటారు; కానీ ముందు వికర్ణ మూలకాల నుంచి 2 తీసివేసి, మిగిలిన మాత్రిక కోటిని (rank, అంటే స్వతంత్ర అడ్డువరుసల సంఖ్యను) చూడాలి. అది 1 కనుక స్వతంత్ర లాక్షణిక సదిశ (ఇచ్చిన మాత్రికతో గుణిస్తే 2 రెట్లు అయ్యేది) (1, −1) ఒక్కటే దొరుకుతుంది, ఒకే బ్లాకు (వికర్ణంపై అదే మూలం, దాని పైన 1 గల చదరం) ఏర్పడుతుంది. 2 తీసివేయగా మిగిలిన ఆ మాత్రికతో గుణిస్తే (1, −1)ను ఇచ్చే సదిశగా (1, 0) సరిపోతుంది. ఈ రెండింటినీ ఇదే క్రమంలో (తారుమారైతే 1 వికర్ణం కిందికి దిగుతుంది) నిలువు వరుసలుగా పేర్చి, ఇచ్చిన మాత్రికను కుడివైపు దానితోనూ ఎడమవైపు దాని విలోమంతోనూ గుణిస్తే, వికర్ణంపై 2, 2, పైన 1, కింద 0 గల జోర్డాన్ రూపం వస్తుంది.