బ్లేక్స్ 7 అభిమాని ఊరికొక్కరే అయితే: తోడు తెచ్చుకునే పద్ధతి

'బ్లేక్స్ 7' అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ బీబీసీలో 1978 జనవరి 2న మొదలై 1981 డిసెంబరు 21న ముగిసింది. సీజన్‌కు 13 చొప్పున నాలుగు సీజన్లు, మొత్తం 52 ఎపిసోడ్లు. మన దగ్గర దాని పేరెత్తితే ఎదుటివాళ్లు మొహం చూస్తారు. ఆఫీసులోనో కాలేజీలోనో ఇంకో అభిమాని తగులుతాడని కాచుకుని కూర్చోవడం దండగ. తెలిసినవాళ్లలోంచే ఒకరిని తయారుచేసుకోవాలి. ఒక్కరు చాలు, ముగ్గురైతే పండగే.

సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్నవాళ్ల కోసమే వెతకకండి. కొత్త సినిమాల గ్రాఫిక్స్ మరిగిన కళ్లకు ఈ సెట్లు నవ్వు తెప్పిస్తాయి. రాజకీయాలు, ఎత్తులు పైఎత్తులు, వెటకారం ఇష్టపడేవాళ్లకు ఇది బాగా ఎక్కుతుంది. సీరియల్ బలమంతా హీరో బ్లేక్ ముఠాలోని ఏవాన్, విలా మధ్య మాటల పోట్లాటలోనూ, వాళ్ల శత్రువు సర్వలాన్ దర్జాలోనూ ఉంది. 'మాటల కోసం చూడు, అంతరిక్షం కోసం కాదు' అని ముందే చెప్పేస్తే సగం ఇబ్బంది తప్పుతుంది. సబ్‌టైటిల్స్ ఉంటే తప్పకుండా పెట్టండి. యాస అర్థంకాక వెటకారం జారిపోతే ఇంకేమీ మిగలదు.

అందరూ తప్పటడుగు వేసేది మొదటి ఎపిసోడ్ దగ్గరే. వరస ప్రకారం 'ది వే బ్యాక్' పెడతారు. అందులో ముఠా తిరిగే లిబరేటర్ ఓడ లేదు, ఏవాన్ లేడు. పైగా పిల్లలతో అసభ్యంగా ప్రవర్తించాడని బ్లేక్ మీద తప్పుడు కేసు బనాయిస్తారు. ఇంటిల్లిపాదీ హాల్లో ఉన్నప్పుడు పెట్టదగింది కాదు. దాని బదులు ఏడోది, 'మిషన్ టు డెస్టినీ' పెట్టండి. ఓడలో హత్య జరుగుతుంది, చేసిందెవరో ఏవాన్, ముఠాలోని క్యాలీ తేల్చాలి. సుమారు 50 నిమిషాల్లో కథ తేలిపోతుంది, వెనకటి సంగతులు తెలియకపోయినా ఫర్వాలేదు. ఆ రోజుకు అదొక్కటే. ఇంకోటి చూద్దామని వాళ్లే అడిగినా మరుసటి వారానికి వాయిదా వెయ్యండి.

నచ్చిందంటే అప్పుడు మొదటికి వెళ్లి వరసగా చూడొచ్చు. ఐదోది, 'ది వెబ్', కాస్త సాగుతుంది. అక్కడ జారిపోయేవాళ్లుంటారు కాబట్టి దాన్నీ, ఆరోదైన 'సీక్-లొకేట్-డిస్ట్రాయ్'నీ ఒకే రోజు పెట్టేయండి. సర్వలాన్, ఆమె కింద పనిచేసే ట్రావిస్ అడుగుపెట్టేది ఈ ఆరోదాంట్లోనే. ఆ తర్వాత వారానికొకటి, అదే రోజు, అదే టైముకి. రెండు వారాలు వరసగా ఎగ్గొడితే అలవాటు తెగిపోతుంది.

చాలాసార్లు కొత్తవాళ్లను పారగొట్టేది అభిమాని ఉత్సాహమే. 'ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు' అంటే వాళ్లు తెరను వదిలి మీ మొహం చూస్తారు. నాలుగో సీజన్‌లో 'ఆర్బిట్' అనే ఎపిసోడ్ ఉంది. ఏవాన్, విలా ఉన్న షటిల్ బరువు తగ్గాలి, ఇంకో 70 కిలోలు దించాలి. విలా బరువు 73 కిలోలని వాళ్ల కంప్యూటర్ ఓరాక్ చెబుతుంది. తర్వాత ఏవాన్ మెత్తగా పిలుస్తూ వెతుకుతుంటే మీరు ఊపిరి కూడా గట్టిగా పీల్చకూడదు. అయిపోయాక మొదటి మాట వాళ్లనే అననివ్వండి. తెరవెనక కబుర్లూ అంతే. మూడో సీజన్ చివరి ఎపిసోడ్ 'టెర్మినల్' ప్రసారమవగానే సీరియల్ మళ్లీ వస్తుందని అనౌన్సర్ చెప్పడం, అందులో పనిచేసినవాళ్లే ఆశ్చర్యపోవడం మంచి కబురే. కానీ ఆ ఎపిసోడ్ చూసినవాళ్లకే చెప్పాలి. చివరి ఎపిసోడ్ గురించైతే ఒక్క ముక్క కూడా వద్దు.

డిస్కులు బ్రిటన్ నుంచి తెప్పిస్తే రీజియన్, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోండి. డీవీడీకి బ్రిటన్ 2, మనది 5. బ్లూ-రేకి బ్రిటన్ బి, మనది సి. లాప్‌టాప్ డ్రైవ్‌లో రీజియన్‌ను మామూలుగా అయిదుసార్లే మార్చనిస్తుంది, ఆపైన చివరిదానికే బిగుసుకుపోతుంది.

డల్లాస్‌లో ఉన్న బావనో, లండన్‌లో దొరికిన అభిమానినో కలుపుకోవాలంటే స్క్రీన్ షేర్ చెయ్యకండి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఎవరి కాపీ వాళ్లు పెట్టుకుని, మాటలకు విడిగా కాల్ కలపాలి. ఇయర్‌ఫోన్స్ లేకపోతే ఒకరి టీవీ శబ్దం అందరికీ వినిపిస్తుంది. టైమర్ చూసి మొదలుపెడితే కాపీకీ కాపీకీ తేడా వస్తుంది. టైటిల్ మ్యూజిక్ అయ్యాక ఎపిసోడ్ పేరు పడే చోట అందరూ ఆపి, ఒకరు 'మూడు, రెండు, ఒకటి' అనగానే వదలాలి.

ఆదివారం డల్లాస్‌లో ఉదయం 9, లండన్‌లో మధ్యాహ్నం 3 అయితే మనకు చలికాలంలో రాత్రి 8:30, వేసవిలో 7:30. మార్చిలో కొన్ని వారాలు, అక్టోబరు చివర ఒక వారం ఈ లెక్క తప్పుతుంది. అమెరికా, బ్రిటన్ గడియారాలు ఒకే ఆదివారం మార్చుకోవు మరి. ఆ వారాల్లో 'ఎప్పటి టైమే' అనకుండా ముగ్గురి టైములూ విడివిడిగా రాసి ముందురోజే మెసేజ్ పెట్టండి.