ఇంటి చెత్తతో ఎరువు: మూడో పాఠం (మూత కథ)

ఈసారి పురుగుల గురించి చెబుదామనుకున్నాను. కుదిరేలా లేదు. పోయిన పాఠం చూసి డబ్బా మొదలుపెట్టినవాళ్లలో చాలామందిది ఒకటే గోల, కంపు. తప్పు కొంత నాదే. మూత పెట్టమన్నాను గానీ, గాలి ఆడేలా పెట్టమని చెప్పలేదు. ఒకరైతే వాసన బయటికి రాకూడదని మూత చుట్టూ టేపు కూడా చుట్టారట!

ఆ టేపుతోనే వచ్చింది చిక్కంతా. చెత్త కుళ్లినందుకు కంపు రాదు, ఊపిరాడక కుళ్లితే వస్తుంది. గాలి అందితే దాన్ని పీల్చే సూక్ష్మజీవులు పని చేస్తాయి. అప్పుడు వచ్చేది తడిమట్టి వాసన. గాలి అందకపోతే వాటి చోట్లో వేరే రకం చేరతాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది వాటి పనే, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు. దాంతోపాటు ఏ వాసనా లేని మీథేన్ కూడా పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. పెద్ద చెత్తగుట్టల అడుగున జరిగేదీ ఇదే. దాన్ని తప్పించడానికేగా మనం డబ్బా పెట్టుకుంది? టేపు వేశారంటే ఆ గుట్టనే ఇంట్లోకి తెచ్చుకున్నట్టు.

సరే, బాగుచేద్దాం. డబ్బా మొత్తం పాత పేపర్ల మీద బోర్లించండి. ముక్కు మూసుకోండి, తప్పదు. గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ధారగా కారితే తడి ఎక్కువైనట్టే. పిండేసిన స్పాంజిలా, ఒకటి రెండు చుక్కలు రాలితే చాలు. ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు బాగా కలిపి మళ్లీ నింపండి. డబ్బా పక్కలకీ అడుగుకీ పెన్సిల్ దూరేంత బెజ్జాలు పెట్టండి. ఇక నుంచి గుప్పెడు తొక్కలకి రెండు గుప్పెళ్ల పొడి సరుకు. పొడి సరుకంటే ఎండుటాకులు, అట్టముక్కలు. ప్లాస్టిక్ కవర్లు కాదండీ, అదీ వేసినవాళ్లున్నారు.

రంపపు పొట్టు నాకు నచ్చదు. మెత్తగా అణిగిపోయి గాలిని ఆపేస్తుంది. నేను వాడేది గుడ్ల అట్టలు. చేత్తో చింపితే వంకరటింకరగా వస్తాయి, ఆ వంకరల్లో గాలి నిలుస్తుంది.

ముక్కు మండే ఘాటు వస్తే అది అమ్మోనియా. దానికీ మందు పొడి సరుకే.

అభ్యాసం: రెండు చిన్న డబ్బాలు తీసుకుని రెండింట్లోనూ ఒకే రకం తొక్కలు వేయండి. ఒకదానికి బెజ్జాలు పెట్టి, అట్టముక్కలు కలపండి. రెండోదానికి మూత బిగించి ఆరుబయట పెట్టండి. పదిరోజులు రెండూ బయటినుంచే వాసన చూసి, ఏ రోజు ఎలా ఉందో రాసుకోండి. బిగించినదాన్ని పదోరోజు తెరిచేటప్పుడు మొహం కాస్త దూరంగా పెట్టుకోండి.