ఉప్పుగాలిలో తిరిగే కారుకు ఏ కాలిపర్?

కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం తీరం వైపు రోజూ తిరిగే కార్లకు ముందు బ్రేకు పట్టేయడం మామూలే. ఒక చక్రం కాలిపోతుంటుంది, బండి ఒక పక్కకు లాగుతుంది, మైలేజీ పడిపోతుంది. కాలిపర్ అంటే చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి పట్టే బ్రేకు భాగం. దానికోసం స్పేర్ల షాపుకి పోతే కంపెనీ డబ్బాలోది ఒకటి, తయారీదారు సొంత పేరుతో అమ్మేది ఒకటి, లోకల్‌ది ఒకటి, పాత బండి నుంచి విప్పింది ఒకటి ముందు పెడతారు. ఎర్ర రంగేసిన నాలుగు పిస్టన్ల కిట్టు సంగతి సరేసరి. వీటిలో ఏదో ఒకటి కొనేలోపు అసలు పోయింది కాలిపరేనా అన్నది తేల్చుకోవాలి. సగం సార్లు కాదు.

వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు జాకీతో లేపి, స్టాండు మీద నిలపండి. పెడల్ నాలుగైదు సార్లు తొక్కి వదిలి చక్రం చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే కాలిపర్ మీది బ్లీడర్ నిపుల్‌ను (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కాస్త వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగిందంటే లోపల ప్రెషర్ చిక్కుకుని ఉంది, కాలిపర్ బాగానే ఉంది. నిపుల్ బిగించి, మళ్లీ పెడల్ తొక్కి వదిలి, ఈసారి రబ్బరు హోస్ ఇనుప పైపుతో కలిసే చోట వదులు చేయండి. అక్కడ వదిలితే చక్రం తిరిగిందా, దోషం మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసేది) వైపు ఉన్నట్టు. అక్కడ వదిలినా తిరగక, నిపుల్ విప్పితేనే తిరిగిందా, అది హోస్. పాత హోస్ లోపలి పొర ఉబ్బితే ఆయిల్‌ను పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. బయట చూస్తే కొత్తదానిలాగే కనిపిస్తుంది, అందుకే దీనికి కాలిపర్లు మార్చేసిన బండ్లు బోలెడు.

నిపుల్ విప్పినా చక్రం కదలకపోతే అప్పుడు కాలిపర్ విప్పండి. మన రోడ్ల మీది చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ముందు ఒకే పిస్టన్ ఉన్న తేలే కాలిపర్ ఉంటుంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కితే, కాలిపర్ బాడీ రెండు స్లైడ్ పిన్‌ల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. రబ్బరు బూటు చిరిగి ఉప్పు తేమ లోపలికి పోతే పిన్ తుప్పుతో కరుచుకుంటుంది. ఒక ప్యాడ్ బాగా అరిగి రెండోది కొత్తగా ఉండటానికి ఎక్కువసార్లు ఇదే కారణం. పిన్ చేత్తో లాగితే జారాలి. జారకపోతే పిన్‌లు, బూట్ల కిట్టు చాలు, కాలిపర్ అక్కర్లేదు. ప్యాడ్ చెవులు కూర్చునే చోట క్లిప్పుల కింద కూడా తుప్పు పేరుకుని ప్యాడ్‌ను బిగిస్తుంది. క్లిప్పులు తీసి, బ్రాకెట్‌ను వైర్ బ్రష్‌తో ఇనుము కనిపించేదాకా గీకి, కొత్త క్లిప్పులు వేయాలి. రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండ్లలో ఇది మరీ ఎక్కువ.

ఇక పిస్టన్. దాని మీద దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు, అంటే డస్ట్ బూటు, ఎత్తి చూడండి. పైన క్రోమ్ పూత నున్నగా ఉంటే రబ్బరు కిట్టుతో పని జరుగుతుంది. గుంటలు పడి ఉంటే ఎమరీ కాగితంతో రుద్దకండి. పూత పోయి నెలల్లో మళ్లీ పట్టేస్తుంది, సీలూ చిరుగుతుంది. ఆ పిస్టన్ మార్చాలి. సిలిండర్‌లో సీలు కూర్చునే గాడి కూడా తినేసి ఉంటే అప్పుడు కాలిపర్ కొనాల్సిందే.

చాలా కార్ల కంపెనీలు కాలిపర్‌ను సొంతంగా తయారు చేసుకోవు. చెన్నైలోని బ్రేక్స్ ఇండియా లాంటి బ్రేకుల సంస్థల దగ్గర చేయించుకుంటాయి. కాబట్టి ఆ తయారీదారు పేరుతో వచ్చే సరుకు, నంబరు సరిపోతే, కంపెనీ డబ్బాలోదానికి తీసిపోదు, ధర కూడా తక్కువ. లోకల్ సరుకు మీద మాకు నమ్మకం లేదు. సీలు గాడి కొలత సూక్ష్మంగా తేడా వచ్చినా పిస్టన్ వెనక్కి రాదు. పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, మెలితిరిగి మళ్లీ నిటారయ్యే ఆ చతురస్రపు సీలే. విప్పిన పాత కాలిపర్ కొంటే లోపల ఏముందో తెలియదు. పిస్టన్, సీళ్లు కొత్తవి వేసుకునేటట్టయితేనే తీసుకోండి.

కొనేటప్పుడు మోడల్ పేరు చెప్పి ఊరుకోవద్దు. ఒకే మోడల్‌లో పెట్రోలుకూ డీజిలుకూ, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉన్నదానికీ లేనిదానికీ కాలిపర్ మారవచ్చు. 17 అక్షరాల చాసిస్ నంబరుతో పార్టు నంబరు తీయించండి. పాతదాన్ని వెంట తీసుకుపోయి పిస్టన్ వ్యాసం, డిస్కు పట్టే సందు, బోల్టు రంధ్రాల దూరం వెర్నియర్‌తో సరిచూడండి. ‘కాస్త పెద్ద పిస్టన్ అయితే బ్రేకు బాగా పడుతుంది’ అని అంటగట్టేవాళ్లుంటారు. 54 మిల్లీమీటర్ల బదులు 57 వేస్తే వైశాల్యం 11 శాతం పెరుగుతుంది, నొక్కే బలమూ అంతే పెరుగుతుంది. కానీ మాస్టర్ సిలిండర్ పాతదే కాబట్టి పెడల్ అంత ఎక్కువ లోతుకు దిగుతుంది, ముందు వెనకల పొత్తు చెడుతుంది. ఒక పక్కే అలా వేస్తే బండి పక్కకు లాగేస్తుంది.

నాలుగు పిస్టన్లంటే నాలుగు రెట్ల బలం అనుకోవద్దు. లెక్కలోకి వచ్చేది ఒక వైపువే. 40 మిల్లీమీటర్ల పిస్టన్లు ఒక వైపు రెండు కలిపితే సుమారు 2,513 చదరపు మిల్లీమీటర్లు. 57 మిల్లీమీటర్ల పిస్టన్ ఒక్కటే సుమారు 2,552. బండిని ఆపేది చివరికి టైరు పట్టే. ఏబీఎస్ పని చేసేదాకా మీ పాత బ్రేకు తొక్కగలుగుతున్నారంటే బలం చాలినంత ఉంది. పెద్ద కిట్టు ఇచ్చేది వేడిని ఓర్చుకునే శక్తి. నిండు లోడుతో గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్ దిగేవాళ్లకు వేడి సమస్యే. అయినా ముందు కింది గేరులో దిగడం, మంచి ప్యాడ్లు, కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ చూసుకోండి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చాక ఆ కనీసం 155కి పడిపోతుంది. మన తీరంలో తేమకు కొదవలేదు, రెండేళ్లకోసారి మార్చండి. రేసు కాలిపర్లలో చాలావాటికి డస్ట్ బూటే ఉండదు, ఇసుకా ఉప్పూ ఉన్న చోట అవి పనికిరావు. 14 అంగుళాల చక్రంలో పెద్ద కిట్టు పట్టదు. బండిలో మార్పులు చేయడం మీద ఆంక్షలు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా గుర్తుంచుకోండి, ప్రమాదం జరిగాక బీమా దగ్గర పేచీ రావచ్చు.

బిగించేటప్పుడు ఎడమ కుడి తారుమారు కాకూడదు. బ్లీడర్ నిపుల్ పైకి ఉండాలి. కిందికి ఉంటే గాలి పైన చిక్కుకుని, ఎన్ని డబ్బాల ఆయిల్ పోసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. విప్పిన కాలిపర్‌ను హోస్‌కు వేలాడదీయకుండా తీగతో కట్టండి. హోస్‌ను కాలిపర్‌కు బిగించే బ్యాంజో బోల్టు దగ్గర రెండు వైపులా కొత్త రాగి వాషర్లు. పిన్‌లకు బ్రేకు కోసం చేసిన సిలికాన్ గ్రీజే, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. చిన్న కార్లలో సాధారణంగా బ్రాకెట్ బోల్టులకు 80 నుంచి 110 న్యూటన్ మీటర్లు, పిన్ బోల్టులకు 25 నుంచి 35, కానీ మీ బండి మాన్యువల్ చెప్పిందే ఖాయం. రెండు ముందు కాలిపర్ల గాలి తీయడానికి అర లీటరు ఆయిల్ దగ్గర పెట్టుకోండి, బ్రేకు ఆయిల్ ట్యాంకు అడుగంటనివ్వద్దు. పాత బండి అయితే పెడల్ కింద చెక్కముక్క పెట్టి తొక్కండి, అడుగుదాకా దిగితే మాస్టర్ సిలిండర్ సీళ్లు తుప్పు చోట రాసుకుని పోతాయి. వెనక కాలిపర్‌లోనే హ్యాండ్‌బ్రేకు ఉంటే పిస్టన్‌ను నొక్కకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి. బటన్ హ్యాండ్‌బ్రేకు అయితే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాకే చేయి పెట్టండి.

కదలబోయే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద వేగం 60 కిలోమీటర్ల నుంచి 15కి ఎనిమిది, పది సార్లు మెల్లగా తగ్గించి, పూర్తిగా ఆపకుండా పది నిమిషాలు నడిపి చల్లారనివ్వండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండు డిస్కులూ చూస్తే వేడి దగ్గరదగ్గరగా ఉండాలి. ఏటా అక్టోబరు వానలకు ముందు పిన్‌లు విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, బూట్లు చూసుకోండి. బీచ్ రోడ్డులో తిరిగొచ్చిన రోజు చక్రాలు చల్లారాక లోపలికి మంచినీళ్లు కొట్టండి.